ఎనిమిదో తరగతికి డిజైన్-టెక్నాలజీ: ఒకే వస్తువును రెండుసార్లు చేయించే 16 పీరియడ్ల పాఠం

"సార్, ల్యాబ్ కిట్లు వచ్చాయి, బీరువాలో పెట్టాం. ఇప్పుడు పిల్లలతో ఏం చేయించాలి?" ట్రైనింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒక టీచర్ అడుగుతారు. ఇంకొందరు దీనికి ఉల్టా: "మాకు ల్యాబూ లేదు, కిట్లూ లేవు. డిజైన్ టెక్నాలజీ ఎలా చెప్పమంటారు?" ఇద్దరికీ నా జవాబు ఒకటే. బీరువాకి తాళం అలాగే ఉంచండి. మందుల షాపు నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెప్పించండి.

డిజైన్-టెక్నాలజీ అంటే ఒకరి ఇబ్బంది చూసి, దానికి పనికొచ్చే వస్తువు ఆలోచించి, చేసి, పరీక్షించడం. కింద రాసింది 40 మంది ఉన్న హైస్కూలు క్లాసుకి, ఒక్క టీచర్‌తో నడిచేలా వేసిన ప్లాన్. మొత్తం ఒక్క విషయం చుట్టూ కట్టాను: పిల్లలు చేసిన వస్తువునే మళ్లీ చేయాలి. మొదటిది ఎలాగూ ఊగుతుంది, కూలుతుంది. ఎందుకు కూలిందో చూసి రెండోది చేసేటప్పుడే వాళ్లకి డిజైన్ అంటే ఏంటో తెలుస్తుంది. చాలా స్కూళ్లలో మొదటిది పూర్తయ్యేసరికి టైమ్ అయిపోతుంది. ఫొటో తీసి దాన్ని అల్మారా ఎక్కిస్తారు.

1. ముందు పీరియడ్లు సంపాదించండి

టైమ్‌టేబుల్లో పని విద్య పీరియడ్ కాగితం మీద ఉంటుంది. ఆ గంటలో లెక్కల సార్ సిలబస్ పూర్తి చేసుకుంటూ ఉంటారు. గొడవ పడకండి. హెడ్మాస్టర్‌తో ముందే మాట్లాడి వారానికి రెండు పీరియడ్లు, అవీ పక్కపక్కనే వచ్చేలా అడగండి. విడివిడిగా రెండు ఇస్తే పని జరగదు. సామాను తీయడానికి, సర్దడానికి కలిపి పావుగంట పోతుంది. 45 నిమిషాల్లో పావుగంట పోతే మిగిలేదెంత?

ఎనిమిది వారాలు, 16 పీరియడ్లు. ఇలా పంచుకోండి:

- కొలవడం, కోయడం: 2
- సమస్య వెతకడం: 2
- బ్రీఫ్ (చేయబోయే వస్తువు ఎలా ఉండాలో చెప్పే పేజీ) రాయడం: 1
- బొమ్మలు గీయడం: 2
- మొదటి నమూనా: 3
- పరీక్ష: 1
- రెండోసారి చేయడం: 4
- వాడేవాళ్లకి ఇచ్చి చూడటం: 1

మధ్యలో సెలవులు వస్తాయి, ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న) పరీక్షలు వస్తాయి, ఏదో ఒక ర్యాలీ కూడా వస్తుంది. అలాంటప్పుడు ఏది కోసేయాలో ఇప్పుడే అనుకోండి. బొమ్మల్లో ఒకటి తగ్గించవచ్చు, మొదటి నమూనాలో ఒకటి తగ్గించవచ్చు. రెండోసారి చేసే నాలుగింటిని మాత్రం ముట్టుకోవద్దు.

గ్రూపుకి నలుగురు, పది గ్రూపులు. ఐదుగురైతే ఐదోవాడు కిటికీ లోంచి బయటికి చూస్తుంటాడు.

2. సామాను: కొనేవి తక్కువ, పోగుచేసేవి ఎక్కువ

పోగుచేయాల్సినవి:

- అట్టపెట్టెలు. కిరాణా, మందుల షాపుల్లో అడిగితే ఇస్తారు. టీవీ, ఫ్రిజ్ పెట్టెలు దొరికితే వదలొద్దు, అవి మందంగా ఉంటాయి
- పాత సైకిల్ ట్యూబులు (రబ్బరు బ్యాండ్లుగా కోసుకోవచ్చు)
- చీపురు పుల్లలు, వెదురు బద్దలు, పురికొస
- రీఫిల్ అయిపోయిన పెన్నులు. ఎందుకో తర్వాత చెప్తాను
- పాత ప్లైవుడ్ ముక్కలు, కింద పెట్టి కోయడానికి

కొనాల్సినవి:

- 30 సెం.మీ. స్టీల్ స్కేళ్లు 10
- కట్టర్లు 6, అదనపు బ్లేళ్లు
- ఫెవికాల్ అరకిలో డబ్బా
- హాట్ గ్లూ గన్‌లు 2, స్టిక్స్
- దబ్బనాలు 4
- బట్టల క్లిప్పులు రెండు డజన్లు

ఊరిని బట్టి కాస్త అటూఇటూ అయినా రెండు వేల దగ్గర తేలిపోతుంది. పది గ్రూపులకి ఆరు కట్టర్లేంటని అడుగుతారు. కావాలనే తక్కువ పెట్టాను. ఒకేసారి ఆరు కంటే ఎక్కువ బ్లేళ్లు కదులుతుంటే ఒక మనిషి కళ్లు సరిపోవు.

రంగు కాగితాలు, మెరుపు పొడి, థర్మాకోల్ షీట్లు కొనకండి. అవి గదిలో ఉంటే పిల్లల చేతులు అటే పోతాయి. ఎగ్జిబిషన్ల కోసం ఫ్యాన్సీ షాపులో రెడీమేడ్ మోడల్ కొనుక్కొచ్చి పేరు రాసి పెట్టే అలవాటు మనకి ఎలాగూ ఉంది. దానికి మనం కూడా నీళ్లు పోయక్కర్లేదు.

3. మొదటి రెండు పీరియడ్లు: స్కేలు, కట్టరు

ఎనిమిదో తరగతి పిల్లలకి కొలవడం వచ్చని అనుకోకండి. మొదటి రోజు ఒక పని ఇవ్వండి: అట్ట మీద 120 మి.మీ. పొడవు, 80 మి.మీ. వెడల్పు దీర్ఘచతురస్రం గీసి, కోసి, పక్కవాడి ముక్కతో ఒకదాని మీద ఒకటి పెట్టి చూడమనండి.

అతకవు. ఎందుకో పిల్లలతోనే వెతికించండి. సాధారణంగా కారణాలు ఇవి:

- సున్నా ఎక్కడుందో చూడరు. ప్లాస్టిక్ స్కేళ్లలో చాలావాటికి సున్నా గీత అంచు నుంచి నాలుగైదు మి.మీ. లోపల ఉంటుంది. పిల్లలు అంచు నుంచి కొలుస్తారు. స్టీల్ స్కేలు కొనమన్నది ఇందుకే, దాదాపు అన్నిట్లో సున్నా అంచు దగ్గరే ఉంటుంది.
- మూలమట్టం చూడరు. ఒక వైపు గీత గీసి మిగతావి కంటితో గీసేస్తారు. నోట్‌బుక్ మూల ఆనించి చూసుకోమనండి, చాలు.
- మొద్దు పెన్సిల్. గీతే ఒక మి.మీ. మందం. గీతకి ఏ వైపు కోయాలో తెలియదు. కోసి పారేసే వైపు చిన్న చిన్న అడ్డగీతలు పెట్టడం అలవాటు చేయండి.

ఈ మొదటి ముక్కల్ని పారేయకండి. ఒక్కో ముక్క మీద పేరు రాయించి గోడకి తగిలించండి. ఎనిమిదో వారంలో వాళ్లే చూసి నవ్వుకుంటారు.

కట్టర్ నియమాలు బోర్డు మీద రాసి, ప్రతి క్లాసులో చదివించండి:

- బ్లేడు బయటికి రెండు క్లిక్కులే
- స్కేలు పట్టుకున్న వేళ్లు అంచు నుంచి లోపలికి
- ఒక్కసారే బలంగా కాదు, తేలిగ్గా మూడు నాలుగు సార్లు
- కోసే దారిలో రెండో చెయ్యి ఉండకూడదు
- కింద పెట్టే ముందు బ్లేడు లోపలికి
- ఆరు బయటికెళ్తే ఆరు లోపలికి రావాలి, లెక్క తేలేదాకా బెల్ కొట్టినా ఎవరూ కదలరు

చివరిది చాదస్తంలా అనిపిస్తుంది. ఒకసారి ఐదే తిరిగొచ్చాయి. ఆరోది ఒక పిల్లాడి బ్యాగులో, లంచ్ బాక్సు పక్కన దొరికింది. వాడు దొంగిలించలేదు, ఊరికే మర్చిపోయి వేసుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు చాదస్తం పట్టుకుంది.

గ్లూ గన్ మీ బల్ల దగ్గరే ఉండాలి, మీ కళ్ల ముందే వాడాలి. చెయ్యి కాలితే ధారగా పడే చల్లని నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టించండి. టూత్‌పేస్ట్, పసుపు, ఇంకు పూయనివ్వకండి.

4. సమస్య వెతకడం: అడగొద్దు, చూడమనండి

ఇక్కడే చాలా ప్రాజెక్టులు దారి తప్పుతాయి. "ఏదైనా సమస్య తీసుకోండి" అంటే పది గ్రూపుల్లో ఆరు "గ్లోబల్ వార్మింగ్" అంటాయి. మిగతావి స్మార్ట్ డస్ట్‌బిన్ అంటాయి. పిల్లల తప్పు కాదు, ఎక్కడో చూసిందే చెప్తారు.

హద్దు మీరే గీయండి: స్కూలు కాంపౌండు లోపల, రోజూ జరిగే పని, కంటికి కనపడే మనిషి. మా దగ్గర పనికొచ్చిన చోట్లు: మధ్యాహ్న భోజనం వడ్డించే చోటు, చేతులు కడిగే కుళాయిలు, చెప్పులు విడిచే గుమ్మం, బోర్డు దగ్గర చాక్‌పీస్ ముక్కలు, సైకిళ్లు పెట్టే చెట్టు కింద.

ఒక గ్రూపు వంటమ్మ దగ్గరికి వెళ్లి, "అమ్మా, మీకు ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగింది. "నాకేం ఇబ్బంది నాయనా, బాగానే ఉంది" అందావిడ. పిల్లలు వెనక్కి వచ్చి "సమస్య లేదు సార్" అన్నారు. మర్నాడు మళ్లీ పంపించాను. ఈసారి అడగొద్దు, వడ్డించేంతసేపూ పక్కన నిలబడి ఆవిడ చేతులు ఏం చేస్తున్నాయో రాయండి అన్నాను.

కాగితం నిండా వచ్చింది. అన్నం గుండిగ మూత పెద్దది, వేడిగా ఉంటుంది. కొంగుతో పట్టుకుని తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక నేల మీద పెడుతోంది. అన్నం చల్లారకూడదని మధ్యమధ్యలో మళ్లీ మూస్తోంది, మళ్లీ తీస్తోంది. ఒక్క వడ్డనలో పదకొండు సార్లు. మూతకున్న మట్టి తుడవడానికి ఇంకో గుడ్డ. ఏళ్ల తరబడి అలాగే చేస్తోంది కాబట్టి అది ఆవిడకి ఇబ్బందిగా కనపడటం లేదు, అంతే.

పిల్లలకి ఇచ్చే పరిశీలన కాగితంలో నాలుగు గళ్లు చాలు:

- ఎవరు, ఎక్కడ, ఏ టైమ్‌లో
- ఏం చేశారు (మన అభిప్రాయం కాదు, చూసింది మాత్రమే)
- ఎన్నిసార్లు
- ఎక్కడ ఆగారు, వంగారు, వెతికారు, తుడిచారు

వంగడం, వెతకడం, తుడవడం. ఈ మూడూ ఎక్కడ కనపడితే అక్కడ ప్రాజెక్టు ఉందని పిల్లలకి చెప్పండి.

5. బ్రీఫ్: అంకెలు లేకపోతే ఒప్పుకోకండి

బ్రీఫ్ అంటే చేయబోయే వస్తువు గురించి మనకి మనం రాసుకునే ఒప్పందం. ఒక పేజీకి మించకూడదు. పిల్లలు మొదట ఇలా రాస్తారు: "వంటమ్మకి ఉపయోగపడే మంచి స్టాండు తయారు చేస్తాం, అది బలంగా, అందంగా ఉంటుంది." దీన్ని తిప్పి పంపండి. బలంగా అంటే ఎంత? మంచి అంటే ఏం చేస్తే మంచి?

రెండు మూడుసార్లు తిప్పి పంపాక మూత గ్రూపు రాసుకొచ్చింది ఇది:

"వంటమ్మ వడ్డించేటప్పుడు వేడి మూతని నేలకి తగలకుండా నిలబెట్టే స్టాండు. మూత వెడల్పు 60 సెం.మీ., బరువు 2 కిలోలు. ఒక చేత్తో పెట్టగలగాలి, తీయగలగాలి. స్టాండు గుండిగ పక్కన 40 సెం.మీ. జాగాలో పట్టాలి. వేడికి, తడికి పాడవకూడదు. గాలికి పడకూడదు."

ప్రతి వాక్యానికీ తర్వాత ఒక పరీక్ష పెట్టవచ్చు. అలా పెట్టలేని వాక్యం ఉంటే కొట్టేయండి.

6. బొమ్మలు: రబ్బరు పక్కన పెట్టించండి

ఏ4 కాగితాన్ని నాలుగు గళ్లు వచ్చేలా మడత పెట్టించి, ఒక్కో గడిలో ఒక్కో ఆలోచన, పది నిమిషాల్లో. ఒక్కొక్కరూ విడిగా, మాట్లాడకుండా గీయాలి. అంటే గ్రూపుకి పదహారు బొమ్మలు వస్తాయి. రబ్బరు వాడనివ్వకండి. రబ్బరు చేతిలో ఉంటే ఒకే గీతని పది నిమిషాలు దిద్దుతారు.

"నాకు బొమ్మలు రావు సార్" అనేవాళ్లకి ఉపాయం: ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి, పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి. రెండు చదును బొమ్మలు చాలు, 3డీలో గీయక్కర్లేదు. గీతల కంటే పక్కన రాసే మాటలు ముఖ్యం: ఏ వస్తువుతో, ఎంత పొడవు, ఎలా అతుకుతుంది.

ఎంచుకునేటప్పుడు ఒక తప్పు తప్పకుండా జరుగుతుంది. గ్రూపులో బాగా బొమ్మలేసే పిల్లో, క్లాసు లీడరో వేసిందే గెలుస్తుంది. దీనికి మందు, బ్రీఫ్‌లోని వాక్యాల్ని ఎడమ వైపు రాసి, ఒక్కో ఆలోచనకి ఎదురుగా టిక్కో ఇంటూనో పెట్టించడం. మా మూత గ్రూపులో చివరికి గెలిచింది ఒక వంకర బొమ్మ, బోర్డు నిలబెట్టే స్టాండులాంటిది. వేసిన పిల్లాడికే నమ్మకం కుదరలేదు.

7. మొదటి నమూనా: అట్టతో, అసలు సైజులో

చిన్న బొమ్మగా చేయనివ్వకండి. చిన్న నమూనా ఎప్పుడూ నిలబడుతుంది. అసలు సైజులో చేస్తేనే లోపాలు బయటపడతాయి.

అట్ట గురించి పిల్లలకి చేతితో చూపించాల్సిన నాలుగు సంగతులు:

అట్టకి దిశ ఉంటుంది. రెండు కాగితాల మధ్య ముడతల కాగితం ఉంటుంది కదా, ఆ గొట్టాలు నిలువుగా ఉండేలా నిలబెడితే బరువు మోస్తుంది. అడ్డంగా ఉంటే నడుం వంచేస్తుంది. రెండు ముక్కలు కోసి, రెండింటి మీదా పుస్తకాలు పేర్చి చూపించండి. మీరు వివరించక్కర్లేదు, రెండోది కూలినప్పుడు క్లాసు మొత్తానికీ అర్థమవుతుంది.

మడత పెట్టే ముందు గీత నొక్కాలి. దాచుకోమన్న ఖాళీ పెన్నులు ఇప్పుడు తీయండి. స్కేలు ఆనించి పెన్నుతో గట్టిగా గీస్తే అట్ట చిరగకుండా నలుగుతుంది, అక్కడే తిన్నగా మడత పడుతుంది. కట్టర్‌తో గీస్తే ఒక పొర తెగి మడత బలహీనమవుతుంది.

గాడి వెడల్పు అట్ట మందమంతే. రెండు ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలబెట్టే గాడి జోడింపు అన్నిటికంటే పనికొస్తుంది. జిగురు అక్కర్లేదు, విప్పి మళ్లీ పెట్టుకోవచ్చు. అట్ట 5 మి.మీ. మందముంటే గాడీ 5 మి.మీ., లేదా అరమిల్లీ తక్కువ. ఒక్కో ముక్కలో సగం ఎత్తు వరకే గాడి కోయాలి. పిల్లలు కంటి అంచనాతో సెంటీమీటరు కోసేస్తారు, అది వదులై గిలగిలలాడుతుంది. ముందు చెత్త ముక్క మీద ఒక గాడి కోసి చూసుకున్నాకే అసలు ముక్క ముట్టుకోవాలి.

ఫెవికాల్ పల్చగా. పోసినకొద్దీ బాగా అతుకుతుందనుకుంటారు. ఎక్కువైతే అట్ట నానిపోతుంది, ఆరదు. వేలితో పల్చగా రాసి, బట్టల క్లిప్పులు పెట్టి అరగంట వదిలేయాలి. అందుకే జిగురు పని పీరియడ్ చివర్లో పెట్టుకోండి, ఆరడం మనం లేనప్పుడు జరుగుతుంది.

పనులు ఎవరెవరికి? మీరు వదిలేస్తే మగపిల్లలు కట్టర్ పట్టుకుంటారు, ఆడపిల్లలు రికార్డు రాస్తారు. ఎవరూ చెప్పకపోయినా ప్రతి క్లాసులోనూ ఇదే జరుగుతుంది. నాలుగు పనులు పెట్టండి: కొలవడం, కోయడం, అతకడం, రాయడం. గోడ మీద చార్టు అంటించి ప్రతి క్లాసుకీ తిప్పండి. "వాడికే బాగా వచ్చు సార్, వాడే కోస్తాడు" అంటే ఒప్పుకోవద్దు. మిగతావాళ్లకి రావాలనే కదా ఈ క్లాసు.

8. పరీక్ష: చేసినవాళ్లు కాదు, పక్క గ్రూపు

సొంత వస్తువుని ఎవరూ గట్టిగా పరీక్షించరు. రెండు వేళ్లతో మెల్లగా నొక్కి "బాగుంది" అంటారు. అందుకని వస్తువులు మార్పించండి. పక్క గ్రూపు చేతిలో బ్రీఫ్ కాగితం పెట్టి, ఒక్కో వాక్యం చదువుతూ పరీక్షించమనండి.

కాగితంలో మూడు గళ్లు: ఏం పరీక్షించాం, ఏం జరిగింది, ఎందుకై ఉంటుంది. "బాగా లేదు" అని రాయకూడదు. "2 కిలోలు పెట్టగానే వెనక్కి పడింది" అని రాయాలి.

మూత స్టాండు మొదటి పరీక్షలోనే రెండు రకాలుగా ఓడిపోయింది. నున్నటి మూత కింద నుంచి జారి వచ్చేసింది. తాడుతో ఆపి నిలబెడితే స్టాండు మొత్తం వెనక్కి పడింది. పిల్లలు అట్ట బలం సరిపోలేదన్నారు. బలం సంగతి కాదని చూపించడానికి ఒక దారానికి రాయి కట్టి, మూత మధ్య నుంచి వేలాడదీశాం. దారం కాళ్ల అవతల నేలని తాకింది. బరువు దిగే గీత కాళ్ల మధ్య పడాలి, పడకపోతే ఇనుముతో చేసినా పడిపోతుంది. గరిమనాభి (వస్తువు బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కేసే బిందువు) గురించి నేను అప్పటికి రెండుసార్లు బోర్డు మీద చెప్పి ఉన్నాను. ఆ దారం చూపించినంత అది చూపించలేదు.

ఓడిపోయిన గ్రూపు మొహాలు చిన్నబోతాయి. ఆ రోజు మార్కులు పరీక్ష ఎంత నిజాయితీగా రాశారన్నదానికే అని ముందే చెప్పి ఉంచండి.

9. రెండోసారి: రెండు మార్పులు, కొత్త వస్తువు వద్దు

పరీక్షలో ఓడగానే పిల్లలు మొత్తం వదిలేసి కొత్త ఐడియా మొదలుపెడతామంటారు. కొత్తది చేస్తే అది మళ్లీ మొదటి నమూనాయే అవుతుంది. నియమం: అదే వస్తువు, రెండు లేదా మూడు మార్పులు, ప్రతి మార్పు పక్కనా పరీక్ష కాగితంలోని ఏ వరుసకి ఇది జవాబో రాయాలి.

మూత గ్రూపు మార్పులు: వెనక కాళ్లు 15 సెం.మీ. వెనక్కి జరపడం, కింద అంచుకి మూత ఆగే గట్టు. అంతే. ఈ రెంటినీ ముందు అట్టలోనే సరిచూసుకున్నారు.

ఇక వస్తువు మార్చే పని. అట్ట తడికి ఆగదు, సైజు చూసుకోవడానికే అది. పిల్లలు పీవీసీ పైపు కావాలన్నారు. తేలిక, చవక, ఎల్‌బోలతో (మూలల్లో పెట్టే వంపు ముక్కలతో) అతుకుతుంది. వద్దని నేను చెప్పలేదు. మరిగే నీళ్ల గిన్నెలో ఒక పైపు ముక్క వేసి పట్టుకారుతో తీసి చూపించాను. రబ్బరులా వంగింది. ఆవిరి పట్టిన మూత వేడి దానికి దగ్గర్లోనే ఉంటుంది మరి. చివరికి చెక్క రీపర్లతో (సన్నటి పొడుగు చెక్క బద్దలతో) చేశారు.

రంపం, డ్రిల్లు పని వచ్చిందంటే ఊళ్లో వడ్రంగిని పిలవండి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా, స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని నేర్చుకోమంటోంది కాబట్టి హెడ్మాస్టర్‌కి చెప్పుకోవడానికి దారి కూడా ఉంది. పిలిచేముందు ఒక మాట చెప్పి పిలవండి: "మీరు చేసిపెట్టకండి, చూపించండి." లేకపోతే గంటలో అద్భుతమైన స్టాండు చేసి ఇచ్చేస్తారు, పిల్లలు చప్పట్లు కొడతారు, అంతటితో అయిపోతుంది. మా దగ్గరికి వచ్చిన ఆయన రంపం మొదటి నాలుగు లాగుళ్లు లాగి పిల్లల చేతికిచ్చేశాడు. వంకరగా పోతుంటే "బలం పెట్టకు, రంపం బరువే కోస్తది" అన్నాడు. ఆ మాట నేనూ రాసుకున్నాను.

చివరి పీరియడ్‌లో వస్తువుని వాడే మనిషికి ఇచ్చి, మళ్లీ పక్కన నిలబడి చూడటం. ఈసారీ అడగొద్దు. వంటమ్మ మొదటి రెండుసార్లు అలవాటు కొద్దీ మూత నేల మీదే పెట్టింది. పిల్లలు నోరు మూసుకుని నిలబడటానికి చాలా కష్టపడ్డారు.

10. మార్కులు

ఇంగ్లండులో పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈలో ఈ సబ్జెక్టు విడిగా ఉంది. సగం మార్కులు రాతపరీక్షకి, సగం ప్రాజెక్టుకి. అక్కడి ఏక్యూఏ బోర్డు ప్రాజెక్టుకిచ్చే 100 మార్కుల్లో వస్తువు తయారీకి వెళ్లేవి 20. మిగతా 80 సమస్య వెతకడం, బ్రీఫ్, ఆలోచనలు, వాటిని మెరుగుపరచడం, పరీక్షించి విశ్లేషించడం మీద పడతాయి. మన ఎగ్జిబిషన్లలో లెక్క తలకిందులుగా ఉంటుంది, మెరిసేదానికి ప్రైజు.

నేను 50కి వేసేది ఇలా:

- పరిశీలన, బ్రీఫ్: 10
- బొమ్మలు, ఎంపిక కారణాలు: 10
- మొదటి నమూనా: 5
- పరీక్ష, మార్పులకి కారణాలు: 15
- రెండోసారి చేసిన వస్తువు: 10

గ్రూపు మార్కుల్లో ఒకడి కష్టం నలుగురికీ పోతుందనే గొడవ ఉంటుంది. వస్తువులో ఏదో ఒక భాగం మీద వేలు పెట్టి, నలుగురిలో మీకిష్టమైన వాళ్లని "ఇది ఇలాగే ఎందుకుంది?" అని అడగండి. మనిషికి ఒక్క నిమిషం. కట్టర్ ముట్టని పిల్లాడెవరో అక్కడే తేలిపోతుంది.

రుజువు కోసం ప్రతి క్లాసు చివర్లో గ్రూపుకి ఒక ఫొటో మీ ఫోన్‌లో తీసుకోండి. కూలిపోయినవాటికి కూడా. వాటికే ముందు.

11. ఇప్పుడు బీరువా తెరవండి

అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు వస్తువులు చేసి చూడటానికి కేంద్ర ప్రభుత్వం స్కూళ్లలో పెట్టించే ల్యాబ్) ఉన్న స్కూలైతే 3డీ ప్రింటర్, ఆర్డుయినో బోర్డులు (కోడ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డులు), సెన్సర్లు ఉంటాయి. ఒక్క ల్యాబ్‌కి 20 లక్షల వరకు గ్రాంట్ ఇస్తారు కాబట్టి ఏదైనా పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం కూడా ఉంటుంది. అట్టతో ఒక రౌండు పూర్తిచేసిన పిల్లలకైతే ఇవ్వొచ్చు, వాళ్లు కొలిచి, చూసి వాడతారు.

మొదట్లో వచ్చే ఇబ్బందులు రెండు మూడే:

- ఎల్‌ఈడీ ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపారు. ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు. మధ్యలో 470 ఓమ్‌ల నిరోధం పెడితే 7 వోల్టులకి సుమారు 15 మిల్లీ ఆంపియర్లు వెళ్తాయి. పదో తరగతిలో చదివే ఓమ్ నియమమే ఇది.
- అసలు వెలగలేదు. తిరగేసి పెట్టారు. పొడుగు కాలు ప్లస్‌కి.
- 3డీ ప్రింటర్ దగ్గర క్యూ. అరచెయ్యంత వస్తువుకే గంటలు పడుతుంది, పది గ్రూపులకి ఎప్పటికీ అవ్వదు. మొత్తం వస్తువు ప్రింట్ చేయొద్దు. అట్టతోనో చెక్కతోనో కుదరని ఒక్క జోడింపు ముక్క మాత్రం ప్రింట్ చేయించండి.

కోడ్ గురించి ఒకటే. ఎక్కడినుంచో దించుకున్న ప్రోగ్రామ్ పనిచేసిందని సంబరపడే పిల్లల్ని, అందులో ఒక్క అంకె మార్చి ఏమవుతుందో ముందే చెప్పమనండి.

12. ఇంకా అడిగేవి

*క్లాసులో 70 మంది ఉన్నారు.* సగం మందితో ఒక వారం చేతిపని, మిగతా సగం పరిశీలనకో బొమ్మలకో బయట వరండాలో. మరుసటి వారం మార్చండి. 16 పీరియడ్లు 24 అవుతాయి. వేరే దారి నాకు దొరకలేదు.

*తల్లిదండ్రులు "చదువు మానేసి అట్టలు కోయిస్తున్నారు" అంటున్నారు.* పరీక్ష కాగితాలు చూపించండి. కొలతలు, బరువులు, కారణాలు పిల్లల చేతిరాతలో ఉంటాయి కదా.

*పిల్లలు చేసినవి ఎక్కడ దాచాలి?* అన్నీ దాచలేరు. గ్రూపుకి మొదటి నమూనా, రెండోది, పరీక్ష కాగితం, ఈ మూడింటినీ పురికొసతో ఒక కట్టగా కట్టి, తేదీ రాసి మూడు కట్టలు మాత్రం ఉంచుకోండి. వచ్చే ఏడాది మొదటి పీరియడ్‌లో వాటిని బల్ల మీద పెట్టి, మొదటిదానికీ రెండోదానికీ తేడాలు కనిపెట్టమనండి. మిగతా అట్ట చిత్తుకాగితాల వాళ్లకి వేయండి. ప్లైవుడ్ ముక్కలు మాత్రం వేయకండి, మళ్లీ కావాలి.